శిక్షణలో స్లైడ్లు చూశాం, పరీక్షనాళిక ముట్టుకోలేదు. ల్యాబ్ భయం పోవడానికి ఏం చేయాలి?

కొత్త పీఎస్ టీచర్

అందరికీ నమస్కారం. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఫిజికల్ సైన్స్‌గా వచ్చాను. మాది మండల కేంద్రానికి దూరంగా ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. ల్యాబ్ అంటే తొమ్మిదో తరగతి గది వెనక ఒక బీరువా, రెండు బల్లలు. అటెండర్ లేరు.

పోయిన వారం పదో తరగతికి జింకు, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ప్రయోగం చేసి చూపించాను. కోనికల్ ఫ్లాస్కుకి బిరడా బిగించి, గొట్టాన్ని సబ్బు నీళ్ళలో పెట్టాను. బుడగలు రావడం ఆలస్యమైంది. పిల్లలు "టప్ శబ్దం ఎప్పుడొస్తుంది మేడమ్" అంటూ ముందుకు జరుగుతున్నారు. ఆ తొందరలో గొట్టాన్ని బయటికి తీసి, వెలుగుతున్న పుల్లను నేరుగా దాని చివర పెట్టాను. ఢామ్మని పేలింది. బిరడా పైకప్పుకి తగిలింది. ఫ్లాస్కు మెడ దగ్గర పగిలి, గాజు ముక్కలు మొదటి వరస దాకా వచ్చాయి. ఒకమ్మాయి చున్నీ మీద ఆమ్లం చుక్కలు పడ్డాయి. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా ప్రయోగాలు వద్దు, వీడియోలు చూపించండి అని హెచ్ఎం గారు అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. కానీ నాకు ఇది ఎవరు నేర్పాలి? డిగ్రీలో ద్రావణాలు తయారుచేసి చేతికిచ్చేవారు. బీఈడీలో రికార్డు రాశాం. ఉద్యోగంలో చేరాక శిక్షణకు వెళ్ళాను. లెసన్ ప్లాన్లు, అభ్యసన ఫలితాలు, యాప్‌లో హాజరు అన్నీ చెప్పారు. అన్ని రోజుల్లో ఒక్క పరీక్షనాళిక కూడా పట్టుకోలేదు. మీరంతా ఎలా నేర్చుకున్నారు?

లిట్మస్

మేడమ్, ముందుగా మీరు దాచుకోకుండా రాసినందుకు నమస్కారం. ఇలాంటివి చాలా బళ్ళలో జరుగుతాయి, బయటికి రావు. రాకపోబట్టే పక్క బడిలో మళ్ళీ జరుగుతాయి.

జరిగింది ఇదీ. ఫ్లాస్కులో మొదట ఉన్నది గాలి. హైడ్రోజన్ తయారవుతూ దాన్ని కొంచెం కొంచెంగా బయటికి నెడుతుంది. ఆ మధ్యలో ఫ్లాస్కులో ఉండేది రెండూ కలిసిన మిశ్రమం. గాలిలో హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా మంట తగిలితే అంటుకుంటుంది. మంట గొట్టంలోంచి వెనక్కి పాకి ఫ్లాస్కు మొత్తాన్ని పేల్చింది. బుడగలు ఆలస్యం కావడం "ఇంకా గాలి పోలేదు" అని చెప్పే గుర్తు. మీరు తప్పు చేశారని కాదు, ఆ గుర్తును చదవడం మీకెవరూ నేర్పలేదు.

వాయువు తయారయ్యే పాత్ర దగ్గరికి మంట వెళ్ళకూడదు. నేనైతే ఫ్లాస్కే వాడను. చిన్న పరీక్షనాళికలో రెండు మూడు జింకు ముక్కలు, 5 మిల్లీలీటర్ల ఆమ్లం, బిరడా లేదు. దాని మూతి మీద ఇంకో పొడి నాళికను బోర్లించి ఒక నిమిషం పట్టుకుంటాను. హైడ్రోజన్ తేలిక కదా, పై నాళికలోకి ఎక్కుతుంది. ఆ నాళికను బోర్లించే ఉంచి, ఒక మీటరు దూరంలో ఉన్న కొవ్వొత్తి దగ్గరికి తీసుకెళ్తాను. "టప్" అంటుంది. అంత చిన్న నాళికలో వచ్చే శబ్దంతో గాజు పగలదు. సబ్బు బుడగలే చూపించాలంటే, బుడగల్ని చెంచాతో తీసి దూరంగా తీసుకెళ్ళి వెలిగించండి. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి, మీకూ పిల్లలకూ.

మెదక్ బయో

మా సబ్జెక్టులో ఇంతకంటే ప్రమాదకరమైనది ఒకటుంది, ఎవరూ పట్టించుకోరు. ఆకులో పిండిపదార్థం పరీక్ష. ఆకును స్పిరిట్‌లో ఉడికించి పత్రహరితం తీసేయాలి. కింద సారాయి దీపం వెలుగుతుండగా పైన నీటి తొట్టెలో స్పిరిట్ నాళిక పెట్టి మరిగిస్తారు. ఆవిరి కిందికి దిగి దీపానికి తగిలిందా, అంతే. పగటి వెలుతురులో స్పిరిట్ మంట కంటికి సరిగ్గా ఆనదు కూడా.

మా సీనియర్ మేడమ్ ఒకరు నాకు నేర్పిన పద్ధతి చెప్తాను. ముందు నీళ్ళు బాగా మరిగించు. దీపం ఆర్పు. ఆర్పావో లేదో ఇంకోసారి చూడు. అప్పుడు స్పిరిట్ నాళికను ఆ వేడినీళ్ళలో పెట్టు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి దీపం లేకపోయినా ఆకు తెల్లబడే దాకా ఆ వేడి చాలు. చల్లారితే నీళ్ళు మార్చు. ఇంత చిన్న మార్పు. పాఠ్యపుస్తకం బొమ్మలో కనిపించదు, శిక్షణలో చెప్పలేదు. ఆవిడ పక్కన నిలబడి ఒకసారి చేయించింది, ఇప్పటికీ చెయ్యి దానంతటదే ముందు దీపం మూత వైపు వెళ్తుంది.

ఇంకొకటి. వెలుగుతున్న దీపంలోకి సీసాతో స్పిరిట్ పోయకండి. చల్లారాకే పోయాలి. దీపాన్ని ఊది ఆర్పకండి, మూత పెట్టండి.

హెచ్ఎం_నల్లమల

అందరి మాటా గౌరవిస్తూనే రెండో వైపు చెప్తాను. నేను ప్రధానోపాధ్యాయుడిని. ఒక పిల్లవాడి కన్ను పోతే ఇంటికెళ్ళి ఆ తల్లి ముందు నిలబడాల్సింది నేను. అటెండర్ పోస్టు ఖాళీ. తరగతిలో అరవై మంది. టీచరుకి శిక్షణ లేదు. ఈ పరిస్థితిలో వీడియో చూపించమనడం తప్పా? ఇప్పుడు వీడియోలు చాలా బాగున్నాయి. సోడియం నీళ్ళలో ఎలా పరిగెడుతుందో దగ్గరగా చూపిస్తున్నారు.

మెదక్ బయో

సార్, సోడియానికి వీడియోనే నయం, ఒప్పుకుంటాను. కానీ అమ్మోనియా ఘాటును వీడియో చూపించలేదు. నాళికను ముక్కు దగ్గర పెట్టుకోకుండా చేత్తో గాలి విసురుకుంటూ వాసన చూడటం చేసి నేర్చుకోవాల్సిన పని. రేపు వాళ్ళే ఇంట్లో బాత్రూమ్ కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్లోరిన్ వస్తుంది. ఆ జాగ్రత్త బడిలో అలవాటు కాకపోతే ఎక్కడ అవుతుంది?

పదో తరగతి అమ్మ

టీచర్ని కాదు, తల్లిగా రాస్తున్నాను. మా పాప చదివే బడిలో మూడేళ్ళుగా ల్యాబ్ తాళం తీయలేదు. రికార్డు మాత్రం ప్రతి నెలా నింపుతోంది, పక్కమ్మాయి పుస్తకంలో చూసి. "గమనించాను" అని రాస్తుంది. ఏం గమనించావమ్మా అంటే నవ్వి ఊరుకుంటుంది. నాకు భయం లేదని కాదు. కళ్ళద్దాలు పెట్టి, తెలిసిన టీచరు దగ్గరుండి చేయిస్తే మాలాంటి వాళ్ళం వద్దనం. గ్రూపులో ముందు రోజు ఒక మెసేజ్ పెడితే చాలు.

రిటైర్డ్ మాస్టారు

అమ్మా కొత్త టీచరు గారూ, ముప్ఫై మూడేళ్ళు ఈ బల్లల దగ్గరే గడిపినవాణ్ణి, నా అనుభవం ఒకటి చెప్తాను. పొడి సున్నం మీద నీళ్ళు పోసి వేడి పుట్టడం చూపించే ప్రయోగం. అందులో ప్రమాదం ఏముందిలే అనుకునేవాణ్ణి. ఒక పిల్లాడు బీకరు మీదికి వంగి చూస్తున్నాడు. సున్నం కుతకుత ఉడికి ఒక చుక్క ఎగిరి వాడి కంట్లో పడింది. నాకు కాళ్ళు ఆడలేదు. మా ప్యూన్ పరుగున వాణ్ణి బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి పడుకోబెట్టి, తను బోరింగు కొడుతూ ఉంటే నన్ను వాడి కన్ను తెరిచి పట్టుకోమన్నాడు. కంటి మూలనున్న తెల్లని పలుకు నీళ్ళతో జారిపోయేదాకా, ఆ తరువాత కూడా ఇరవై నిమిషాలు కడిగాం. అప్పుడే ఆటో ఎక్కించాం. ఆ నీళ్ళే కన్ను కాపాడాయని డాక్టరు చెప్పాడు.

ఆ తరువాతే తెలుసుకున్నాను, కంటికి ఆమ్లం కన్నా క్షారం ఎక్కువ చెరుపు. ఆమ్లం పైపొరను గడ్డకట్టించి చాలా మటుకు అక్కడే ఆగుతుంది. క్షారం కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. మనమేమో సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసాని దెయ్యంలా చూస్తాం, కాస్టిక్ సోడా, సున్నం అంటే తేలిగ్గా తీసుకుంటాం. ఆ ప్యూన్ నాకు నేర్పింది నా చదువులో ఎక్కడా లేదు. నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకున్నాకే ప్రయోగం మొదలుపెట్టాలి.

శిక్షణ మాట వచ్చింది కనుక. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బళ్ళలో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలుపెట్టారు. 2002లో ఆపేసేదాకా ముప్ఫై ఏళ్ళు నడిచింది. అక్కడ వేసవి శిక్షణల్లో టీచర్లు ఉపన్యాసాలు వినేవాళ్ళు కాదు. పిల్లలు ఏడాదంతా చేయబోయే ప్రయోగాల్ని పిల్లల్లాగే గుంపులుగా కూర్చుని తామే చేసేవారు. చెడగొట్టుకునేవారు, మళ్ళీ చేసేవారు. తరువాత నెల నెలా కలుసుకుని తరగతిలో ఏం జరిగిందో మాట్లాడుకునేవారు. మనకి స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ళ గుంపు) మీటింగులు ఉన్నాయి కదా, ఆ నెలవారీ కలయిక మన చేతిలోనే ఉంది.

లీడ్స్ ల్యాబ్

మాది తెనాలి దగ్గర. ఇంగ్లండ్‌లో ఒక సెకండరీ స్కూల్లో సైన్స్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇక్కడ టీచరు ముందుగానే కాగితం రాసి ఇస్తారు, ఏ తరగతికి, ఏ ప్రయోగం, ఎన్ని గ్రూపులు అని. ద్రావణాలు కలిపి, ట్రేలు సర్ది, అయ్యాక పారబోయడం నా పని. మన దగ్గర ఇదంతా టీచరే చేయాలి, పైగా పాఠం చెప్పాలి. అందుకే మీమీద నాకు చాలా గౌరవం.

ఇక్కడ టీచర్ల వెనక నిలబడే సంస్థ ఒకటుంది, క్లీప్స్ అంటారు. 1963లో స్థానిక విద్యాశాఖలు కలిసి పెట్టుకున్నది. స్కాట్లండ్‌కి ఎస్‌ఎస్‌ఈఆర్‌సీ అని వేరే ఉంది. ఒక్కో రసాయనానికి ఒక్కో కార్డు. ఏ గాఢత దాకా ఎంత ప్రమాదం, ఒలికితే ఏం చేయాలి, ఎలా పారేయాలి అన్నీ అందులో ఉంటాయి. అనుమానం వస్తే ఫోన్ చేయొచ్చు. వాళ్ళు వద్దు అని చెప్పడం తక్కువ, ఇలా చేస్తే చేయొచ్చు అని చెప్పడం ఎక్కువ. నాకు నచ్చింది అదే.

మీకు పనికొచ్చే అంకె ఒకటి. సోడియం హైడ్రాక్సైడ్ (కాస్టిక్ సోడా) ద్రావణం గాఢత 0.5 మోలార్, ఆ పైన ఉంటే దాన్ని చర్మాన్ని, కంటిని తినేసేది అని లెక్కేస్తారు. అంటే లీటరుకి 20 గ్రాములే. అందుకే పిల్లల చేతికి 0.4 మోలార్ ఇస్తాం. అదే సల్ఫ్యూరిక్ ఆమ్లానికైతే ఆ హద్దు 1.5 మోలార్. మాస్టారు గారు క్షారం గురించి చెప్పింది ఈ రెండు అంకెల్లోనే కనిపిస్తోంది చూడండి.

ప్రయోగానికి ముందు మేం రాసుకునేది చాలా చిన్నది. ఏం జరగొచ్చు, జరక్కుండా ఏం చేస్తున్నాం, జరిగితే మొదటి నిమిషంలో ఏం చేస్తాం. కొత్త టీచరు ఎవరైనా తరగతిలో చేయబోయే ముందు రోజు నా గదిలో ఒకసారి చేసి చూడాల్సిందే. పాతికేళ్ళ సర్వీసున్నవాళ్ళు కూడా, ఆ ప్రయోగం కొత్తదైతే, వచ్చి చేసుకుని వెళ్తారు.

డీఆర్పీ_వరంగల్

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. నేను జిల్లా రిసోర్స్ పర్సన్‌ని. కొత్త టీచర్ మేడమ్ రాసింది చదివి బాధ కలిగింది, ఎందుకంటే ఆ స్లైడ్లు నాలాంటివాళ్ళం చూపించినవే. మాడ్యూల్ పైనుంచి వస్తుంది, రోజుకి నాలుగు సెషన్లు, హాల్లో వంద మంది, నీళ్ళ కుళాయి కూడా లేని గది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటల శిక్షణ పొందాలంటోంది. ఆ గంటల్లో కొన్ని చేత్తో చేసే పనికి కేటాయిస్తే చాలు, కొత్త డబ్బు అక్కర్లేదు.

పోయినేడాది ఒక సెషన్‌లో మాడ్యూల్ పక్కన పెట్టి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నుంచి సజల ఆమ్లం ఎవరు చేస్తారని అడిగాను. "నీళ్ళలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు" అని హాలంతా ఒకే గొంతుతో చెప్పింది. ముందుకొచ్చి చేయమంటే ఇద్దరు లేచారు. ఆ ఇద్దరిలో ఒకరు సీసాను ముఖం ఎత్తున పట్టుకుని పోయబోయారు. అక్కడ ఆపాను. వాక్యం అందరికీ వచ్చు, చేతికి రాలేదు.

ఈసారి మా కాంప్లెక్స్‌లో పూట మొత్తం దానికే ఇవ్వాలనుకుంటున్నాను. ఏమేం పెట్టమంటారు?

లిట్మస్

సార్, ఆ పలుచన చేయడంతోనే మొదలుపెట్టండి. నేను చేయించే తీరు రాస్తాను. అర లీటరు 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. గాఢ ఆమ్లం సుమారు 18 మోలార్, కాబట్టి 28 మిల్లీలీటర్లు చాలు. బీకరులో 400 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, ఆ బీకరును చల్లటి నీళ్ళ టబ్బులో పెట్టండి. ఆమ్లం సీసా నేల మీద కాకుండా బల్ల మీద, నడుము ఎత్తులో ఉండాలి. చిన్న కొలజాడీలోకి తీసుకుని, గాజు కడ్డీని ఆనించి, దాని వెంట సన్నగా జారనివ్వాలి. కలుపుతూ పోయాలి. ఆమ్లం నీళ్ళకంటే 1.84 రెట్లు బరువు, నూనెలా కిందికి దిగిపోతుంది. కలపకపోతే అడుగున పేరుకుంటుంది. మూడో వంతు పోశాక ఆగి, బీకరు గోడ మీద బయట చెయ్యి పెట్టి చూడమనండి. ఆ వేడి తగిలాక "ఎందుకు" అని ఎవరికీ వివరించక్కర్లేదు. పూర్తిగా చల్లారాక 500 దాకా నీళ్ళు కలపాలి. లేబుల్ మీద పేరు, గాఢత, తేదీ. కూల్‌డ్రింక్ సీసాల్లో ఎప్పుడూ పోయకూడదు.

తరువాత పరీక్షనాళికను వేడి చేయడం. మూడో వంతు కంటే ఎక్కువ నింపకూడదు, ఏటవాలుగా పట్టుకోవాలి, కదుపుతూ ఉండాలి, మూతి ఎవరి వైపూ ఉండకూడదు. ఇది అందరూ చేయాలి.

లెడ్ నైట్రేట్ వేడి చేసే ప్రయోగం పిల్లల చేతికి ఇవ్వకండి. గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు, మిగిలేది సీసం ఆక్సైడ్. వియోగ చర్య చూపించడానికి కాపర్ కార్బనేట్ ఉంది. ఆకుపచ్చ పొడి కళ్ళముందే నల్లగా మారుతుంది, వచ్చే వాయువు సున్నపుతేటను పాలలా చేస్తుంది. పిల్లలకు దీంట్లో చూడ్డానికే ఎక్కువ ఉంది.

మెదక్ బయో

నా తరఫున రెండు చేర్చండి. రక్తవర్గం పరీక్షలో ఒక లాన్సెట్ (వేలు గుచ్చే సూది) ఒక్కరికే. పిల్లల చేత అసలు వద్దనే నా అభిప్రాయం. రెండోది, కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు. టూత్‌పేస్టు, ఇంకు, వెన్న రాయడం మన టీచర్లలో కూడా ఇంకా ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి.

హెచ్ఎం_నల్లమల

పాదరసం థర్మామీటరు పగిలితే ఏం చేయాలో కూడా పెట్టండి. మా బడిలో మొన్న పగిలింది. పిల్లలు పూసల్ని అరచేతిలో దొర్లించి ఆడుకున్నారు, తరువాత చీపురుతో ఊడ్చేశారు. ఆ సమయంలో నాకూ తెలియలేదు.

డీఆర్పీ_వరంగల్

తప్పకుండా సార్. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, గట్టి అట్టముక్కతో పూసల్ని దగ్గరికి చేర్చి, డ్రాపరుతో పీల్చి, కొంచెం నీళ్ళున్న సీసాలో వేసి మూత బిగించాలి. చీపురు పెడితే ఇంకా చిన్న పూసలై పగుళ్ళలోకి పోయి నెలల తరబడి ఆవిరవుతూ ఉంటుంది. ఇకపై కొనేటప్పుడు ఎర్రని ఆల్కహాల్ థర్మామీటర్లే కొనండి. మీటింగులో పాదరసం తేను. మామూలు దండ పూసలతో సాధన చేయిద్దాం.

లీడ్స్ ల్యాబ్

సామాన్లు చాలవని ఆగకండి. ఖాళీ అయిన మాత్రల షీట్లు దాచండి. ఆ గుంటల్లో రెండేసి చుక్కలు వేసి లిట్మస్, ఫినాఫ్తలీన్, అవక్షేపాల ప్రయోగాలన్నీ చేయొచ్చు. ఇక్కడ కూడా చుక్కలతో చేసే పద్ధతే పెరుగుతోంది. అరవై మందికి వంద మిల్లీలీటర్లు కూడా ఖర్చు కాదు, ఒలికినా చుక్కే.

కొత్త పీఎస్ టీచర్

మూడు వారాల తరువాత రాస్తున్నాను, క్షమించండి. డీఆర్పీ సార్ మాట మా కాంప్లెక్స్‌కి తీసుకెళ్ళాను. పద్నాలుగు మంది పీఎస్, బీఎస్ (బయో సైన్స్) టీచర్లం కూర్చున్నాం. కళ్ళద్దాలు హార్డ్‌వేర్ షాపులో దొరికాయి, ప్లాస్టిక్‌వి. లిట్మస్ సార్ రాసినట్టే ఆమ్లం పలుచన చేశాం, ఒకరి తరువాత ఒకరం. మొదటి చుక్కలకి నా చెయ్యి వణికింది. మూడో వంతు దగ్గర ఆగి బీకరు బయట అరచెయ్యి పెట్టాను. గోరువెచ్చగా తగిలింది. చల్లని నీళ్ళలో చల్లని ఆమ్లమే కదా పోశాం. ఇరవై ఏళ్ళుగా చెప్తున్న ఒక సార్ "నిజంగానే వేడెక్కుతుందా" అని రెండోసారి పెట్టి చూశారు.

సోమవారం పదో తరగతికి ఆ హైడ్రోజన్ ప్రయోగమే మళ్ళీ చేశాను. హెచ్ఎం గారిని పిలిచాను. ముందు రోజు సాయంత్రం ఒక్కదాన్నే చేసి చూసుకున్నాను. బకెట్ నీళ్ళు, మగ్గు తలుపు దగ్గర పెట్టాను. ఎనిమిది గ్రూపులు, చిన్న నాళికలు. ఎనిమిది "టప్"లు వినిపించాయి. చున్నీ మీద చుక్కలు పడ్డ అమ్మాయి మొదట దూరంగా నిలబడింది. నాలుగో గ్రూపు అయ్యాక వచ్చి నాళిక అడిగింది. బోర్లించి పట్టుకుని, కొవ్వొత్తి దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. శబ్దం రాగానే నాళిక లోపలికి చూసి "మేడమ్, తడి" అంది. హైడ్రోజన్ మండితే నీరే వస్తుంది, ఆ తేమ సంగతి నేను చెప్పడం మర్చిపోయాను, తనే చూసింది.

ఇంకో సందేహం. బీరువా సర్దుతుంటే లేబుళ్ళు ఊడిపోయిన సీసాలు ఏడు దొరికాయి. వాటిని ఏం చేయాలి?

లిట్మస్

మూత తీయకండి, వాసన చూడకండి, సింకులో పోయకండి. బిరడా చుట్టూ పలుకులు కట్టి ఉంటే కదపను కూడా కదపకండి. మిగతావాటిని ఇసుక పోసిన ప్లాస్టిక్ తొట్టెలో నిలబెట్టి, "తెలియనిది" అని రాసి అంటించి, గదికి తాళం వేయండి. ఒక్కో సీసాకి ఫోటో తీసి, రంగు, ఘనమా ద్రవమా, ఎంత ఉందో స్టాక్ రిజిస్టరులో రాసి, హెచ్ఎం గారి సంతకంతో జిల్లా సైన్స్ అధికారికి పంపండి. ఈలోపు అమ్మోనియా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒకే అరలో ఉంటే వేరు చేయండి. ఆ అరలో గాజు సీసాల మీద తెల్లని పొడి పట్టి ఉంటే, వాటి ఆవిర్లు కలుస్తున్నాయని అర్థం. బరువైన సీసాలు అన్నిటికంటే కింది అరలో పెట్టండి. ఫోటోలు ఇక్కడ కూడా పెట్టండి మేడమ్, చూద్దాం.